దుబాసీ పేరేమిటి?

విజయనగరం మహారాజావారి బడిలో 1870ల చివర్లో ఇద్దరు కుర్రాళ్ళు కలిసి చదువుకున్నారు. ఒకరు గురజాడ అప్పారావు, రెండోవారు గిడుగు రామమూర్తి. వాడుకభాష అనగానే ఇద్దర్నీ కలిపి తలుచుకోవడం మనకు అలవాటు. మేమిక్కడ మాట్లాడబోయేది భాష గురించి కాదు, చదువుకున్నవాడి చేతిలో ఉండే అధికారం గురించి. బుగత చేతిలోని భూమిలాగా అది కంటికి కనపడదు. అందుకే దాని మీద తగవు పెట్టడం కష్టం.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అప్పట్నించీ గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాం. ఇంతకీ వాడు చేసిందేమిటి? వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. పంతులన్న పేరే వాణ్ణి గడప దాటనిచ్చింది. లోపల వితంతువైన బుచ్చమ్మకు సంస్కరణ మాటలు చెప్పి లేవదీసుకుపోయాడు. చెయ్యి పట్టి లాగలేదు, ఆమె ఇష్టపడే వెళ్ళింది. కానీ ఆ ఇష్టం ఎక్కణ్ణించి వచ్చింది? వితంతు వివాహం గురించి ఆమె విన్నదంతా వాడి నోటివెంట విన్నదే. గురజాడ ఈ పాయింటు పట్టుకున్నారు గనకే చివర్లో ఆమెను గిరీశానికి కట్టబెట్టకుండా పూనాలోని వితంతు శరణాలయం దారి చూపించారు. ఏదేమైనా ఇది అగ్రహారం లోపలి కథ. మనం కొండవైపు వెళ్దాం.

గిడుగు 1880లో 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. కచేరీలో గానీ షావుకారు దగ్గర గానీ వాళ్ళ మాట చెల్లదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక దుబాసీని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి కూచుని ఆ భాష నేర్చుకున్నారాయన. అందులో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో వచ్చింది. ఇక్కడ పంతులే శిష్యుడయ్యాడు. అది చిన్న సంగతేం కాదు.

మరి ఆ దుబాసీ పేరేమిటి? ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతి సభలు జరుగుతాయి, బొమ్మకు దండలు పడతాయి. దుబాసీ పేరు ఏ వేదిక మీదా మేము వినలేదు. ఆయన నోటి మాటలు గదా వ్యాకరణానికి పునాది వేసింది! ఆ ఇంట్లో ఆయన ఎక్కడ కూచునేవాడు, ఏమిచ్చేవారు, ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోగలిగేవాడా? గిడుగు మీద నింద వెయ్యడం మా ఉద్దేశం కాదు. మన చరిత్రకారులు ఈ ప్రశ్నలు అడగలేదంటున్నాం, అంతే.

ఇష్టమన్న మాటలోని బోలుతనాన్ని 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం గట్టిగా పట్టుకుంది. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకొచ్చింది. దళిత, ఆదివాసీ స్త్రీ ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకుని, మరోలాగైతే ఆమె ఒప్పుకోని లైంగిక సంబంధానికి లొంగదీసుకుంటే నేరమంది. కంబారి ఇంటి ఆడమనిషి మీద కన్నేసిన బుగత, హాస్టలు వార్డెను, ఆఫీసరు, పంతులు, అందరూ ఇందులోకొస్తారు. 2015 సవరణ ఈ క్లాజు మాటలు మార్చింది, పెనుగులాడనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని విడమరిచి చెప్పింది.

అయితే ఈ చట్టం కింద ముద్దాయి ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. ఆ చట్టం పుట్టిన కారణాన్ని బట్టి అది సబబే. కానీ మన నాయకుడు, మన గైడు, మన లెక్చరరు మన పిల్ల దగ్గర అదే స్థితిని వాడుకుంటే? పనిచేసే చోట్ల, కాలేజీల్లో కమిటీలు వెయ్యాలని 2013 చట్టం చెప్పింది. మన సంఘాల్లో ఎన్నింటికి కమిటీ ఉంది? ఉద్యమం పరువు పోతుందని ఆడపిల్లనే నోరు మూసుకోమనడం మనకు తెలియని సంగతా? బుచ్చమ్మకు వితంతు వివాహమనే పెద్దమాట దొరికింది. మన పిల్లలకు విముక్తి అనే ఇంకా పెద్దమాట దొరుకుతోంది.

ఇక మాలాంటి పరిశోధకుల సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దళిత పేటలకు, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట, భామిని కొండలకు టేపురికార్డర్లు పట్టుకుని వెళ్ళాం. అమ్మలు పాటలు పాడారు, అప్పుల లెక్కలు చెప్పారు, ఇంట్లో ఉన్నది పెట్టారు. పెద్ద చదువులవాళ్ళొచ్చారని పని మానుకుని కూచున్నారు. ఆ రోజు కూలి ఎంత పోయిందో మేము అడగలేదు. థీసిస్ మొదటి పేజీలో గైడుకీ లైబ్రేరియనుకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాం. వాళ్ళకు మాత్రం ‘గ్రామస్తులు’ అని ఒక్క మాట. ఈమధ్య ఆ పాత నోటుపుస్తకాలు తిరగేశాం. చాలాచోట్ల వయసు రాసి ఉంది, కులం రాసి ఉంది, పాట మొత్తం ఉంది. పాడినామె పేరు లేదు.