సారా అంగడి మూయించిన పాఠం: ఉపన్యాసానికి టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

మైపాడు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. వక్తృత్వ పోటీలు దగ్గర పడితే చాలు, పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ టాపిక్ తీసుకోవాలి? వ్యాసంలో ఏం రాస్తే జడ్జీలు ఒప్పుకుంటారు?" పర్యావరణం, సెల్‌ఫోన్, స్త్రీ విద్య... ఇలాంటి లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను లిస్టు ఇవ్వను. మన నెల్లూరు జిల్లాలోనే జరిగిన ఒక చరిత్ర చెప్తా. టాపిక్ ఎంచుకోవడం, ఎదుటివాళ్లని ఒప్పించడం రెండూ అందులో ఉన్నాయి. పైగా ఆ పని చేసిన ఆడవాళ్లలో చాలామంది అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నారు.

ఆ ఊరు దూబగుంట. కలిగిరి మండలం. మనలాగా సముద్రం పక్కన కాదు, లోపల మెట్ట ప్రాంతం. 1990ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ అక్షరాస్యతా సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఊపులో 1991లో మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని చదువుకున్నారు. వాళ్ల పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సీతమ్మ ఊళ్లో ఆడవాళ్లని కూడగట్టి సారా అంగడి మూయిస్తుంది. కథ అంతే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అదే పాఠానికి "మద్యపానం వల్ల నష్టాలు" అని పేరు పెట్టి పది పాయింట్లు రాసుంటే ఏమయ్యేది? తాగుడు చెడ్డదని ఆ ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? వాళ్లకి తెలియంది ఒక్కటే, ఏం చేస్తే ఆగుతుంది అని. దానికి సీతమ్మ కథ దారి చూపించింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందుండి అంగడి మూయించారు. తర్వాత దూబగుంట కథే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠం అయింది. అది చదివిన పక్క ఊళ్లు కూడా కదిలాయి. 1992 కల్లా సారా పాకెట్లు తగలబెట్టడం, వేలం పాటలు అడ్డుకోవడం జిల్లా అంతా పాకింది. ఈనాడు పత్రిక "సారాపై సమరం" పేరుతో ఈ వార్తలు వేసింది.

ఇందులో ఒప్పించే టెక్నిక్ ఏముంది? అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. మాట మూడు రకాలుగా పనిచేస్తుంది: చెప్పేవాళ్ల మీద నమ్మకం, వినేవాళ్ల మనసు, చెప్పే విషయంలో తర్కం. దూబగుంట ఆడవాళ్లు ఆయన పుస్తకం చదవలేదు. కానీ మూడూ వాళ్ల దగ్గర ఉన్నాయి. చెప్పేది బాధ పడ్డ మనిషే, కాబట్టి నమ్మకం. పొయ్యి వెలగని ఇల్లు అందరికీ తెలిసిందే, కాబట్టి మనసు. మొగుడి కూలి ఎంత, పాకెట్లకి పోయింది ఎంత, ఇంటికి చేరింది ఎంత? ఆ లెక్కే తర్కం.

ఇంకొకటి, అసలైనది. వాళ్లు "సమాజం మారాలి" అనలేదు. "మా ఊళ్లో ఈ అంగడి ఉండకూడదు" అన్నారు. అవునో కాదో తేల్చి చెప్పగలిగిన కోరిక అది. అవతలి పక్క వాదన కూడా చిన్నదేం కాదు. సారా మీద సర్కారుకి పెద్ద ఆదాయం వచ్చేది. అయినా 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి.

తర్వాత కోరిక పెద్దదైంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా మీద నిషేధం మాత్రం నిలిచింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒక్క ముక్కలో తేల్చలేం. అయినా స్టేజీ ఎక్కే పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవచ్చు: టాపిక్ ఎంత పెద్దదైతే, దాన్ని నిలబెట్టే భారం అంత పెద్దది.

ఇప్పుడు మైపాడు పిల్లలు ఏం చేయాలి? "జల కాలుష్యం" వద్దు. మన రొయ్యల గుంటలు తీసుకోండి. తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు దీనికి ప్రత్యేక చట్టం చేసింది. ఒక పక్క ఉప్పుదేలుతున్న బోరు నీళ్లు, ఇంకో పక్క గుంటల మీద బతికే కుటుంబాలు. మీ క్లాసులోనే రెండు పక్షాల పిల్లలూ ఉంటారు. గుంట ఉన్న ఇంటికీ వెళ్లండి, బోరు నీళ్లు పాడైన ఇంటికీ వెళ్లండి. రెండు లెక్కలూ రాసుకోండి. గుంటలున్న వాళ్ల మాట ముందు న్యాయంగా చెప్పి, ఆ తర్వాత మీ మాట చెప్పండి. చివర్లో ఒక్క కోరిక పెట్టండి, పంచాయతీ చేయగలిగింది.

ప్రైజు రావచ్చు, రాకపోవచ్చు. కానీ హాల్లో కూర్చున్న రొయ్యల రైతు ఒక్కడు ఇంటికెళ్లి మీ మాట గురించి ఆలోచించాడంటే, మీ ఉపన్యాసం పనిచేసినట్టే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.