ఆకాశాన్ని చూసిన మనవాళ్ళు

సంవత్సరానికి రెండుసార్లు మాత్రం మన ఇళ్ళలో చిన్నా పెద్దా అందరూ తలెత్తి ఆకాశం చూస్తారు. రంజాను మొదలయ్యే నెలవంక కోసం ఒకసారి, ఈదు నెలవంక కోసం మరోసారి. డాబాల మీదికి ఎక్కుతారు, పడమటి దిక్కుకి వేళ్ళు చూపిస్తారు, కనబడగానే చేతులెత్తి దువా చేస్తారు. ఆ రెండు సాయంత్రాలు గడిచిపోతే మళ్ళీ పైకి చూసేవారు తక్కువ. గ్రహాలు, గ్రహశకలాలు, తోకచుక్కలు, గ్రహణాలు, ఇవన్నీ పెద్ద చదువులు చదివినవాళ్ళ వ్యవహారమని, మనకీ వాటికీ సంబంధం లేదని ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఇది సరికాదని, ఆకాశాన్ని శ్రద్ధగా చూడడం మన పెద్దల నుంచి మనకి వచ్చిన ఆస్తి అని చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పేర్లు మనవే

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. రోహిణి నక్షత్రాన్ని ప్రపంచమంతా అల్దెబరాన్ అంటుంది. ఇది అరబ్బీ మాట, వెంట వచ్చేది అని అర్థం. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల వెనకాలే ఈ చుక్క నడుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. శ్రవణా నక్షత్రానికి వున్న ఆల్టెయిర్ అనే పేరు కూడా అరబ్బీదే, ఎగిరే గద్ద అని భావం. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన నక్షత్రాల గ్రంథంలో ఒక చిన్న మబ్బు మరకను గుర్తించి రాశారు. అది మబ్బు కాదు, సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన వున్న ఆండ్రోమెడా అనే మరో నక్షత్ర సముదాయమని ఈనాడు మనకి తెలుసు. సమర్‌ఖందులో రాజ్యం చేసిన ఉలుగ్ బేగ్ సొంతంగా వేధశాల కట్టించి, 1437లో వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక తయారుచేయించాడు.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఉతారిద్, జొహ్రా, మిర్రీఖ్, ముష్తరీ, జుహల్ అనే మాటలు తెలిసే వుంటాయి. బుధుడు, శుక్రుడు, అంగారకుడు, గురుడు, శని వరసగా ఇవే. తెల్లవారుజామున సహర్‌కి లేచినప్పుడు తూర్పున వెలిగే వేగుచుక్క మరేదో కాదు, ఆ జొహ్రాయే.

నవాబు జఫర్ జంగ్

దూరదేశాల మాట అలా వుంచి హైదరాబాదుకి వద్దాం. పాయిగా వంశానికి చెందిన నవాబు జఫర్ జంగ్ బహదూర్ ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కారు. ఆకాశం మీద మోజు వున్న ఒక అమీరు, అంతే. ఆ రోజుల్లో నవాబుల మోజులు ఎన్నో రకాలు. ఈయన మోజు చుక్కల మీదకి పోయింది. 1901లో గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల టెలిస్కోపు కొన్నారు. ఫిసల్ బండలో వేధశాల పెట్టి, దానికి నిజాముగారి పేరు మీద నిజామియా అని పేరుపెట్టడానికి మీర్ మహబూబ్ అలీ ఖాన్‌గారి అనుమతి పొందారు. 1907లో నవాబుగారు కాలం చేశారు. మరుసటి ఏడు, 1908లో, నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను తన చేతికి తీసుకున్నది. తరువాత అది బేగంపేటకి మారింది.

అంతకు ముందే, 1887లో, ప్యారిస్‌లో పండితులు సమావేశమై మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి పటం గీయాలని నిశ్చయించారు. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు గనుక, పొలాన్ని మళ్ళుగా విడదీసినట్టు ఆకాశాన్ని భాగాలు చేసి వేధశాలలకి పంచారు. చిలీ దేశంలోని వేధశాల తన వంతు పూర్తిచేయలేకపోగా, దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు వున్న ఆ భాగం మన హైదరాబాదుకి వచ్చింది. భారతదేశం నుంచి ఈ పనిలో పాల్గొన్న వేధశాల నిజామియా ఒక్కటే. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి రాత్రులు మేలుకొని ప్లేట్లు తీసి, పగలు కూర్చుని ఒక్కొక్క చుక్క స్థానాన్నీ కొలిచి, లక్షల నక్షత్రాలను పుస్తకాలకి ఎక్కించారు.

1919లో ఈ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఉస్మానియా అప్పట్లో శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించిన విశ్వవిద్యాలయమని మరువరాదు. వేధశాలను నడిపినవారిలో టి.పి. భాస్కరన్‌గారు 1918 నుంచి 1944 వరకు, ఆ తరువాత అక్బర్ అలీగారు 1960 వరకు వున్నారు. అక్బర్ అలీగారు తలపెట్టిన 48 అంగుళాల పెద్ద టెలిస్కోపు ఇబ్రహీంపట్నం వైపున జపాల్-రంగాపూర్ వేధశాలలో 1968లో పనిలోకి వచ్చింది.

ఆ కాలంలో ఖమ్మం నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా భాగం. మన తాతలు కట్టిన శిస్తులోని పైసలు కూడా ఆ చుక్కల పటానికి ఖర్చయ్యాయన్నమాట.

గోదావరి అవతల కథ

మనది సరిహద్దు సీమ. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో వుండేది, అంతకు ముందు మద్రాసు రాజధాని కింద. అందుచేత ఆ వైపువారికి చెప్పుకోవడానికి మద్రాసు వేధశాల వున్నది. అది 1792 నాటిది. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే రాతి ముక్కలనే గ్రహశకలాలంటారు. 1861 ఏప్రిల్ 17న పోగ్సన్ దొర మద్రాసు నుంచి అటువంటి ఒకదాన్ని కనిపెట్టి ఆసియా అని పేరుపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం కాబట్టి ఆ పేరు. ఆయన కింద పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఆయన నిజాం రాజ్యంలోని వనపర్తికి వచ్చారు. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి పండితుడు జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ చూశారు. సూర్యుడి వెలుగులో అంతవరకు ఎరగని ఒక పసుపు గీత ఆ గ్రహణంలో బయటపడింది. అది హీలియం అనే వాయువుదని తరువాత తేలింది. అదే వాయువు భూమి మీద దొరికింది 1895లో.

ఇంకొక ముచ్చట. నిజామియా వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఒక మలయాళీ ఉద్యోగి కుమారుడు చిన్నతనం నుంచి ఆ టెలిస్కోపుల మధ్య పెరిగి, నిజాం కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవారిలో ఒకడయ్యాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన చలవే. 2596 నెంబరు గ్రహశకలం ఈనాడు ఆయన పేరు మోస్తున్నది. పిల్లవాడి కంటికి టెలిస్కోపు అందుబాటులో వుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

భయం చేసిన పని

ఇక మన బాధాకరమైన సంగతి. చూసినవాళ్ళు కొద్దిమంది, భయపడినవాళ్ళు ఎందరో. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు ప్రళయం తప్పదని దేశమంతా గగ్గోలు. ఏమీ కాలేదు. 1979 జూలై 11న స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూలుతుందని తెలిసినప్పుడు తెలంగాణ పల్లెల్లో జరిగింది ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఎటూ చస్తాం కదా అని మేకలను, కోళ్ళను కోసుకుతిన్నారు, వున్నది అమ్ముకున్నారు. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడ్డాయి. అప్పులు మాత్రం మనవాళ్ళ నెత్తిన పడ్డాయి.

ఆ మరుసటి ఏడే 1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ మధ్యాహ్నం చంద్రుడి నీడ కర్ణాటక తీరాన దేశంలోకి అడుగుపెట్టి, రాయచూరు, పాలమూరు, నల్లగొండ మీదుగా ఖమ్మం చేరి, భద్రాచలం అడవుల మీదుగా ఒరిస్సా వైపు పోయి పూరీ దగ్గర సముద్రంలో దిగింది. మన ఖమ్మం, భద్రాచలం ఆ నీడ నట్టనడి దారికి దగ్గరలో వున్నాయి. ఇక్కడ సుమారు రెండు నిమిషాల పాటు పట్టపగలు చీకటి. ఆ దృశ్యం కోసం విదేశీ పండితులు మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో గుడారాలు వేశారు. రంగాపూర్‌లో మన ఉస్మానియా వారు పరిశోధనలు చేశారు. వాళ్ళు సముద్రాలు దాటి చూడవచ్చిన దృశ్యం మన గడప ముందుకి వస్తే, ఎన్నో ఇళ్ళలో తలుపులు బిగించి, కిటికీలకి దుప్పట్లు కట్టి కూర్చున్నారు. ఆ రోజు ఊళ్ళకి ఊళ్ళే నిర్మానుష్యమయ్యాయి. నల్లని సూర్యబింబం చుట్టూ తెల్లగా విచ్చుకునే కిరీటాన్ని చూసే భాగ్యం అలా పోయింది.

అన్నిటికన్నా ఎక్కువ కష్టం గర్భిణీ స్త్రీలది. గ్రహణం పూట కదలరాదు, తినరాదు, కత్తి పట్టరాదు అని గంటల తరబడి పడుకోబెడతారు. పెదవి చీలి పుట్టిన బిడ్డకి మన భాషలో గ్రహణం మొర్రి అనే పేరే స్థిరపడిపోయింది. ఆ పేరు తల్లిని జీవితాంతం దోషిగా నిలబెడుతుంది. గ్రహణానికీ ఆ చీలికకీ ఏ సంబంధమూ లేదు. అది వంశపారంపర్యం వల్ల, గర్భం తొలి వారాలలో పోషకలోపం వంటి కారణాల వల్ల వచ్చేది, ఆపరేషనుతో బాగయ్యేది. తల్లిని తప్పుపట్టడం మాని బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఈ విషయంలో మనకి పద్నాలుగు వందల ఏళ్ళ నాడే దారి చూపబడింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి కుమారుడు ఇబ్రాహీం రెండేళ్ళు నిండకుండానే కన్నుమూసిన రోజున సూర్యగ్రహణం పట్టింది. క్రీ.శ. 632 జనవరి 27 నాటి గ్రహణం అదేనని చరిత్రకారులు లెక్కకడతారు. పసివాడి మరణానికి సూర్యుడే దుఃఖించాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో వున్న ఆ తండ్రి ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుకోసమూ ఎవరి పుట్టుకకోసమూ వాటికి గ్రహణం పట్టదని, అది చూసినప్పుడు నమాజు చేయమని, దానధర్మాలు చేయమని బోధించారు. తన ఇంటి గొప్పగా చెప్పుకోగల అవకాశాన్ని కూడా వదులుకుని సత్యం పలికిన సందర్భమిది. ఇటువంటి వారసత్వం వున్న మనం గ్రహణానికి భయపడి గర్భిణిని పస్తు పెట్టవచ్చునా?

ఇప్పుడు చేయదగినవి

పుకార్లు ఈనాడు సెల్‌ఫోనులో వస్తాయి, అంతే తేడా. 2029 ఏప్రిల్ 13న, మన టైము ప్రకారం 14 తెల్లవారుజామున, అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి దాటిపోతుంది. ఢీకొనదని శాస్త్రవేత్తలు లెక్కకట్టి తేల్చారు. అయినా అప్పటికి ఎన్ని వదంతులు పుడతాయో! మన పిల్లలకి ఇప్పటి నుంచే ఈ సంగతి చెప్పి పెట్టాలి. మరో స్కైలాబ్ కాకూడదు.

నెలవంక విషయం కూడా లెక్కతో తెలుసుకుంటే తగాదాలు తగ్గుతాయి. చంద్రమాసం సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అమావాస్య అయిన వెంటనే చంద్రుడు కనబడడు, సూర్యుడి నుంచి తగినంత ఎడం జరగాలి. మనకన్నా పడమట వున్న దేశాలలో పొద్దు ఆలస్యంగా కుంకుతుంది కనుక అప్పటికి నెలవంక వయసు కొంత పెరుగుతుంది. అందుకే అరబ్బు దేశాలలో తరచుగా ఒకరోజు ముందు కనబడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఫైసలా పెద్దలది, కానీ కారణం తెలుసుకోవడం మన అందరిది.

పెద్ద పట్టణాల వారికి లేని భాగ్యం ఒకటి మనకి వుంది, అది చీకటి. పాల్వంచ, మణుగూరు విద్యుత్ కేంద్రాల వెలుగు దాటి అడవి అంచుకి పోతే పాలపుంత ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. డిసెంబరు 13, 14 రాత్రులలో ఉల్కలు విరివిగా రాలుతాయి. భద్రాచలం కరకట్ట మీద నిలబడితే నది మీదుగా పడమటి ఆకాశం విశాలంగా తెరుచుకుంటుంది, నెలవంక చూడడానికి అంతకన్నా మంచి చోటు అరుదు. ఒక మంచి బైనాక్యులరు వుంటే గురుడి పెద్ద చంద్రులు నలుగురూ చుక్కల్లా కనబడతారు.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణం వస్తుంది. మనకి పాక్షికంగా కనిపిస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడరాదు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, నల్లద్దాలు పనికిరావు, గ్రహణం కోసం తయారుచేసిన కళ్ళద్దాలే వాడాలి. అవి లేకపోయినా ఫరవాలేదు. చెట్టు కింద నేల మీద చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా కొరికిన సూర్యుడి ఆకారంలో వుంటుంది. అడవి సీమవారికి అల్లాహ్ ఇచ్చిన ఖర్చులేని టెలిస్కోపు అది.

మన సంస్థ తరఫున ఒక బైనాక్యులరు, నాలుగు ఖగోళ పుస్తకాలు కొని పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, అందుబాటులో వుంచాలని మేము కోరుతున్నాము. గ్రహణానికి ముందు వచ్చే శుక్రవారం నాడు మౌల్వీ సాహెబులు, స్కూలు మాస్టర్లు కలిసి జనానికి రెండు ముక్కలు చెబితే ఎంతో మేలు. 1980లో మూసిన తలుపులు ఈసారి తెరిచి వుండాలి. మన పిల్లలకి చూసే కన్ను, భయపడని గుండె ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.