నేల టిక్కెట్టు ఒక పెన్నీ

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రెండు గంటలవుతుండగా పాతికేళ్ల పరదేశీ యువకుడొకడు తోటివారితో కలిసి లండన్‌లో థేమ్స్ నది దాటాడు. అవతలి ఒడ్డున గడ్డి కప్పిన ఇల్లొకటి ఉంది. ఆ రోజు అందులో నాటకం. రోమ్ పాలకుడు జూలియస్ సీజర్ విషాదగాథ. నటులు పదిహేను మంది దాకా ఉన్నారు. చాలా బాగా ఆడారు. ఆట ముగిశాక ఇద్దరు మగవేషంతో, ఇద్దరు ఆడవేషంతో వచ్చి ఎంతో సొగసుగా నాట్యం చేశారు. 1599 సెప్టెంబరు 21 నాటి ఆ ఆట గురించి అతను రాసుకున్నది దాదాపు ఇంతే.

నాటకం రాసిందెవరో అతను చెప్పలేదు. ఆ గడ్డి ఇంటి పేరూ చెప్పలేదు. సీజర్‌ను ఎలా పొడిచారో, మార్క్ ఆంటొనీ జనాన్ని ఎలా తనవైపు తిప్పుకున్నాడో ఒక్క ముక్క లేదు. అయినా షేక్‌స్పియర్ రంగస్థలం గురించి పుస్తకం రాసేవాళ్లెవరూ ఆ నాలుగు వాక్యాలను పక్కనపెట్టలేరు. 'జూలియస్ సీజర్' నాటకాన్ని ఎవరైనా కళ్లారా చూసినట్టు దొరుకుతున్న తొలి సాక్ష్యం అదే. ఆ ఇల్లు సరిగ్గా ఆ ఏడాదే కట్టిన గ్లోబ్ నాటకశాల అయి ఉంటుందని పండితుల్లో ఎక్కువమంది నమ్మకం. నాటకం అచ్చులో కనిపించింది మాత్రం 1623లో, షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు.

ఆ యువకుడి పేరు థామస్ ప్లాటర్. ఊరు స్విట్జర్లాండ్‌లోని బాసెల్. తండ్రి పేరు కూడా థామసే. ఆయన ఆల్ప్స్ కొండల్లో మేకలు కాచిన పిల్లవాడు. చదువు కోసం ఊరూరా తిరిగి, చివరికి బాసెల్‌లో అచ్చాఫీసు నడిపి, బడిపంతులై పేరు తెచ్చుకున్నాడు. డెబ్బై దాటాక రెండో పెళ్లి చేసుకుంటే 1574లో ఈ చిన్న థామస్ పుట్టాడు. కొడుక్కి ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. సవతి అన్న ఫెలిక్స్ ఇతనికంటే 38 ఏళ్లు పెద్ద, పేరుమోసిన వైద్యుడు. ఆ అన్నే తమ్ముణ్ణి పెంచి, ఒకప్పుడు తను వైద్యం చదివిన ఫ్రాన్సులోని మోంపెలియేకే పంపించాడు. చదువు ముగిసింది. ఇంటికెళితే ఇక జీవితమంతా రోగులూ పాఠాలే. అందుకేనేమో, కుర్రాడు తిన్నగా ఇంటిదారి పట్టలేదు. బార్సిలోనా చూశాడు, ఫ్రాన్సు చూశాడు, ఇంగ్లండుకు ఓడెక్కాడు. ఆ దేశంలో గడిపింది ఒక్క నెల. రాయబారం లేదు, వ్యాపారం లేదు, యుద్ధం లేదు. ఊరు చూడటమే పని.

ఊళ్లోకి వచ్చిన ఏ పరదేశీ అయినా ముందు చూసేది లండన్ వంతెన. దాని పొడవునా ఇళ్లు, అంగళ్లు. ఒక బురుజు మీద ముప్పైకి పైగా తలలు ఈటెలకు గుచ్చి నిలబెట్టి ఉన్నాయి. రాజద్రోహం నేరం మీద శిరచ్ఛేదం పొందిన ప్రభువులవి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ప్లాటర్ మరొకటి పట్టుకున్నాడు. ఆ ప్రభువుల వారసులు వంతెన దగ్గర నిలబడి, అదిగో మా తాతగారి తల అని పరాయివాళ్లకు చూపిస్తారట. కిరీటానికే గురిపెట్టగలిగినంత గొప్ప వంశం తమదని అందరికీ తెలియాలని. సిగ్గుపడాలని పెట్టిన దాన్ని వాళ్లు గౌరవంగా మార్చుకున్నారు అంటాడతను. రాజభటుల దస్తావేజుల్లో ఇలాంటి మాట దొరకదు. ఊరికే తిరుగుతూ, ఊరికే నిలబడి వినేవాడి చెవినే పడుతుంది.

నాటకశాలల గురించి రాసిన చోట మాత్రం అతనిలోని లెక్కల మనిషి మేల్కొన్నాడు. లండన్‌లో రోజూ మధ్యాహ్నం రెండింటికి రెండు చోట్లో మూడు చోట్లో ఆటలు. ఎవరు బాగా ఆడితే వాళ్లకు జనం. మన సినిమాహాళ్లలో నేల, బెంచీ, కుర్చీ తరగతులు ఎరిగిన పాతతరం వాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. కింద నేల మీద నిలబడి చూస్తే ఒక పెన్నీ. కూర్చోవాలంటే ఇంకో గుమ్మం, అక్కడ ఇంకో పెన్నీ. మెత్తటి దిండు వేసిన చోటు కావాలంటే మరో గుమ్మం, మరో పెన్నీ. ఆ చోటు గొప్పతనమేమిటో కూడా చెప్పాడు: అక్కడినుంచి ఆట బాగా కనబడుతుంది, మనం కూడా అందరికీ కనబడతాం. ఆట నడుస్తుండగా తినేవీ తాగేవీ జనం మధ్య తిప్పుతారు, డబ్బిచ్చి కొనుక్కోవచ్చు.

నటుల దుస్తులు అంత ఖరీదైనవిగా ఎందుకున్నాయో కూడా అతను ఆరా తీశాడు. ప్రభువులు చనిపోతూ తమ మంచి బట్టల్ని నౌకర్లకు రాసిస్తారు. నౌకరు జరీ అంగీ వేసుకుని వీధిలో తిరగడం మర్యాద కాదు. అందుకని వాళ్లు వాటిని కొద్ది డబ్బుకు నటులకు అమ్ముకుంటారు. అంటే ఆ రంగస్థలం మీద రాజు వేసుకున్న పట్టు అంగీ ఏ నిజమైన ప్రభువు ఒంటి మీదిదో అయి ఉండవచ్చు. నాకు ప్లాటర్ పుటల్లో బాగా ఇష్టమైన వివరం ఇదే.

ఇంకోరోజు బిషప్స్‌గేట్ దగ్గర ఒక హాస్యనాటకం చూశాడు. దాని కథ మాత్రం మనసుపెట్టి రాశాడు. కారణం ఊహించవచ్చు, అందులో జర్మన్ పాత్ర ఉంది. ఒక పిల్ల కోసం ఒక ఇంగ్లీషువాడు రకరకాల దేశాలవాళ్లతో తలపడతాడు. అందర్నీ ఓడించి, జర్మన్ దగ్గర ఓడిపోతాడు. గెలిచిన జర్మన్ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నౌకరుతో కలిసి ఒళ్లు తెలియకుండా తాగుతాడు. మత్తులో నౌకరు యజమాని తలకేసి బూటు విసురుతాడు. ఇద్దరూ నిద్రపోతారు. ఈలోగా ఇంగ్లీషువాడు డేరాలోకి దూరి పిల్లను ఎత్తుకుపోతాడు. ఈ నాటకం రాతప్రతి ఎక్కడా మిగల్లేదు, పేరు కూడా తెలియదు. ప్లాటర్ ఆ సాయంత్రం నవ్వుకున్నాడు కాబట్టే ఈ మాత్రమైనా మనకు చేరింది.

పొగాకు అప్పటికి కొత్త సరుకు. నాటకశాలలో, పూటకూళ్ల ఇళ్లలో, ఎక్కడ చూసినా గొట్టం నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తున్నారని, అది తాగినవాళ్లు తాగుబోతుల్లా హుషారెక్కి మత్తులో తూలుతున్నారని రాశాడు. పొగతాగే ఒకాయన చనిపోయాక కోసి చూస్తే ఆయన నరాల లోపల పొగగొట్టంలోలా మసి పట్టి ఉందని ఎవరో చెప్పారట. వైద్యవిద్యార్థి ఆ ముక్కను వదలకుండా ఎక్కించాడు. మద్యం అంగళ్లకు ఆడవాళ్లు యథేచ్ఛగా వెళ్లడం కూడా అతనికి వింత. ఒకామెను పిలిస్తే ముగ్గురు నలుగురిని వెంటబెట్టుకొస్తుంది, చక్కెర కలిపిన వైను అందరూ సంతోషంగా తాగుతారు, ఆ తర్వాత ఆమె భర్త వచ్చి పిలిచినాయనకు కృతజ్ఞతలు చెబుతాడు.

అన్నీ ఇంత హాయిగా సాగలేదు. ఎలుగుబంట్లను కట్టేసి వేటకుక్కల్ని ఉసిగొలిపే ఆట ఆనాటి లండన్‌లో పెద్ద వినోదం, రాణి మొదలు కూలివాడి దాకా చూసేవారు. ప్లాటరూ చూశాడు. కుక్కలు మీద పడటం, ఎలుగు వాటిని విదిలించి కొట్టడం, అన్నీ వరసగా రాశాడు. చివర్లో ముసలి గుడ్డి ఎలుగునొకదాన్ని తెచ్చారు. కుర్రాళ్లు బెత్తాలతో, కర్రలతో దాన్ని బాదారు. ఆ ఎలుగుకు తన కట్టు తానే విప్పుకోవడం తెలుసు. విప్పుకుని, పరుగెత్తి, తన కొట్టంలోకి వెళ్లిపోయింది. ప్లాటర్ జాలిపడ్డానని రాయలేదు. ఆ కాలం అలాంటిది. కానీ అది తప్పించుకుపోయిన వైనాన్ని చూశాడు, మరిచిపోలేదు. బయటికొస్తూ 120 కుక్కల్ని విడివిడిగా కట్టేసిన చోటు కూడా చూశాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక గుడ్డి జంతువు తన కొట్టం దారి వెతుక్కోవడం ఈనాటికీ చదివినవాళ్ల గుండెను పట్టుకుంటుంది.

రాణిని చూడనిదే ఇంగ్లండు చూసినట్టు కాదు. నగరానికి దక్షిణాన నాన్‌సచ్ అనే వేసవి సౌధంలో ఎలిజబెత్ విడిది చేసి ఉంది. అతను అక్కడికీ వెళ్లాడు. తెల్లటి సాటిన్ గౌను, దాని మీద బంగారు పని, తల మీద నిండు స్వర్గపక్షి తురాయి, మెడలో పెద్ద పెద్ద ముత్యాల పేరు, చేతి తొడుగుల మీద ఉంగరాలు. రాణికి 74 ఏళ్లని, అయినా ఇరవై ఏళ్లదానిలా కనిపిస్తోందని రాశాడు. నిజానికి ఆమెకు అప్పుడు 66 ఏళ్లు. వయసు ఎనిమిదేళ్లు పెంచి, రూపంలో నలభై ఏళ్లకు పైగా తగ్గించాడన్నమాట. అతను ఇంగ్లండులో తిరుగుతున్న ఆ రోజుల్లోనే, సెప్టెంబరు 28 ఉదయం, అదే నాన్‌సచ్‌లో ఎసెక్స్ ప్రభువు ఐర్లండు యుద్ధరంగం వదిలేసి వచ్చి, ఒంటినిండా బురదతో అనుమతి లేకుండా రాణి పడకగదిలోకి చొరబడ్డాడు. అప్పటికి ఆమె తలకు విగ్గు కూడా పెట్టుకోలేదు. 1601 ఫిబ్రవరిలో ఎసెక్స్ తల తెగింది. ముత్యాలూ తురాయీ ప్లాటర్ చూశాడు. అవి లేని ముఖాన్ని చూసినవాడి కథ అలా ముగిసింది.

వాల్టర్ కోప్ అనే పెద్దమనిషి ఇంట్లో వింతవస్తువులు నింపిన గది ఒకటుందని తెలిసి ప్లాటర్ అక్కడికీ వెళ్లాడు. చైనా పింగాణీ, జావా దుస్తులు, ఆఫ్రికావాళ్లు పళ్లతో చేసిన తాయెత్తు, ఖడ్గమృగం కొమ్మూ తోకా, పైకప్పుకు వేలాడదీసిన సన్నటి పడవ, ఒక ఇంగ్లీషు స్త్రీ నుదుటి మీద మొలిచిందని చెప్పిన కొమ్ము. జాబితా పుట దాటిపోయింది. ఓడలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో ఆ ఒక్క గదిలో పోగుపడి ఉంది. అదే ప్లాటర్ మరోచోట, నాటకాల సంగతి ముగిస్తూ, ఇంగ్లీషువాళ్లు పెద్దగా ప్రయాణాలు చేయరని, పరదేశాల సంగతులు ఇంటిపట్టున ఉండి నాటకాల్లో తెలుసుకోవడమే వాళ్లకు ఇష్టమని తేల్చేశాడు.

ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ప్లాటర్ ఇంకా ఇంగ్లండులో ఉండగానే, ఆ సెప్టెంబరు చివరివారంలో, లండన్ వర్తకులు ఒకచోట చేరారు. తూర్పు దేశాలకు ఓడలు పంపడానికి వందమంది దాకా పేర్లు రాసి, 30 వేల పౌండ్లకు పైగా చందా వేసుకున్నారు. అదే ఈస్టిండియా కంపెనీకి తొలి పునాది. రాణి 1600 డిసెంబరు 31న పట్టా ఇచ్చింది. 1611లో ఆ కంపెనీ ఓడ ఒకటి బంగాళాఖాతం ఎక్కి వచ్చి, ఇప్పటి నిజాంపట్నం దగ్గరా మచిలీపట్నంలోనూ లంగరు వేసింది. కప్తాను ఆంథోనీ హిప్పన్. అప్పుడు గోల్కొండను ఏలుతున్నది హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా. బందరులో ఇంగ్లీషువాళ్ల వర్తకస్థానం అలా మొదలైంది. ఆ ఓడ పేరు గ్లోబ్. నాటకశాలకూ ఓడకూ సంబంధమేమీ లేదు, పేరు కలిసిందంతే. కానీ పెన్నీ ఇచ్చి నేల మీద నిలబడి లోకాన్ని చూసిన ఊరివాళ్లు పన్నెండేళ్లలో కృష్ణా తీరానికి వచ్చేశారు. ఒక్క నెల ఉన్న కుర్రాడికి వర్తకుల గదుల్లో జరిగేది ఎలా తెలుస్తుంది? అతను వీధిని చూశాడు. వీధి విషయంలో అతను పొరపడింది తక్కువ.

ప్లాటర్ 1600లో బాసెల్ చేరాడు. నాలుగైదేళ్ల తర్వాత తీరిగ్గా తన ప్రయాణమంతా జర్మన్‌లో సాఫుగా రాశాడు. పెళ్లి, వైద్యం, విశ్వవిద్యాలయంలో పాఠాలు, 1628లో మరణం. రాతప్రతి బాసెల్‌లోనే ఉండిపోయింది. అందులోని నాటకాల సంగతి పండితుల కంటపడి అచ్చయింది 1899లో, సరిగ్గా మూడు వందల ఏళ్లకు. ఈలోగా ఆ గడ్డి ఇల్లు ఎప్పుడో పోయింది. 1613 జూన్ 29న నాటకంలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వ కప్పు మీద పడి, గంటలో బూడిదైంది. తిరిగి కట్టారు, అదీ పోయింది.

ఇప్పుడు థేమ్స్ దక్షిణపు ఒడ్డున, పాత చోటికి కూతవేటు దూరంలో, 1997లో తెరిచిన కొత్త గ్లోబ్ ఉంది. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డికప్పు వేయనిచ్చిన తొలి కట్టడం అది. నడుమ ఆకాశం కింద నిలబడి చూసేవాళ్లకు చవక టిక్కెట్టు ఇప్పటికీ ఉంది. విషాద నాటకమైనా సరే, అక్కడ చివర్లో నటులంతా నాట్యం చేయడం ఆనవాయితీగా పెట్టుకున్నారు. ఆ ఆనవాయితీకి వాళ్లు చూపించే సాక్షుల్లో ముందుండేది ఈ స్విస్ కుర్రాడే. సీజర్ పడిపోతాడు, బ్రూటస్ పడిపోతాడు, కాసేపు ఎవరూ ఊపిరి తీయరు. అంతలో డోలు మోగుతుంది. చచ్చినవాళ్లంతా లేచి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, అడుగు కలుపుతారు.