నడిమి ఆటగాడి లెక్క: రమ్మీ బల్ల నుంచి ఫైనల్ టేబుల్ దాకా

పేకాట గురించి మన దగ్గర మాటలన్నీ గెలిచినవాడి జోరు చుట్టూనో, పోగొట్టుకున్నవాడి గోడు చుట్టూనో తిరుగుతాయి. వీళ్లిద్దరి నడుమ కూర్చున్నవాడి సంగతి ఎవరికీ పట్టదు. అందరికంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఒక ఆట ఓడినా నిలబడతాడు. అడుగంటినవాడికి తెగించడం తప్ప దారి లేదు. నడిమివాడి చేతిలో మాత్రం పోగొట్టుకోవడానికి కొంత ఉంది. ఓపిక పడితే తనకంటే ముందు లేచిపోయేవాడూ ఎదురుగా కనిపిస్తుంటాడు. పోకర్ టోర్నమెంట్ చివరి బల్ల దగ్గర అన్నిటికంటే కష్టమైన కుర్చీ అతనిదే. ఆ కుర్చీలో ఎలా ఆడాలన్న లెక్క తేలడానికి దశాబ్దాలు పట్టింది. దానికి ప్రాణమైన పని సమయానికి ముక్కలు వదిలేయడం. అది మార్కాపురం, గిద్దలూరు వైపు రమ్మీ ఆడేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఆ ఊళ్లున్న పశ్చిమ ప్రకాశంలో పోకర్ ఊరి ఆట కాదు. ఇక్కడ పేకాటంటే ముందుగా పదమూడు ముక్కల రమ్మీ. మూడు ముక్కలాట, లోపలా బయటా కూడా ఆడతారు కానీ వాటిలో ఆలోచించడానికి చోటు తక్కువ. రమ్మీ అలా కాదు. ముక్కలు పంచాక జోకర్లెన్ని, లైఫ్ (జోకర్ లేని వరస) పడే అవకాశం ఉందా, ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడు, ఏది కొట్టాడు అని ప్రతి చేతిలోనూ చూసుకోవాలి. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ చేయి ఆడాలా, డ్రాప్ చెప్పాలా?

201 పూల్ ఆటలో ఈ ప్రశ్న బాగా పదునెక్కుతుంది. పాయింట్లు 201కి చేరినవాడు లేచిపోతాడు. మొదట్లోనే డ్రాప్ చెబితే 25, ఆట మధ్యలో చెబితే 50, చివరిదాకా ఉండి ఎదుటివాడు షో కొడితే ఎక్కువలో ఎక్కువ 80. ఇప్పుడు 120 దగ్గర ఉన్న ఆటగాణ్ని చూడండి. ఒక్క ఫుల్ కౌంట్ (80) పడితే 200, ఇక ప్రాణం ఒక్క పాయింటు మీద ఉంటుంది. వరసగా మూడు చేతులు డ్రాప్ చెప్పినా 195 దగ్గరే ఉంటాడు. ఆ మూడు చేతుల్లో 180 దాటినవాళ్లు ఒకరో ఇద్దరో లేచిపోవచ్చు. చెత్త చేయి పట్టుకుని వేలాడటం కంటే మూడుసార్లు వదిలేయడమే చవక. పుస్తకం చదవకుండానే రమ్మీ ఆటగాళ్లు ఈ లెక్కతో ఆడతారు.

ఈ తెలివికి చట్టంలో చోటు దొరికిన కథ కూడా తెలుగు నేల మీదిదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ప్రాంతం కాబట్టి ఇక్కడ 1930 నాటి మద్రాస్ గేమింగ్ చట్టం నడిచేది. నైపుణ్యంతో ఆడే ఆటలకు అందులో మినహాయింపు ఉండేది. తెలంగాణలో హైదరాబాద్ జూద చట్టం ఉండేది. ఆ చట్టం కింద సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టాలో నిర్ణయించడానికీ నైపుణ్యం కావాలనీ ఆ తీర్పు సారాంశం. అయితే నిర్వాహకులు ఆట మీద లాభం గుంజుతుంటే అది నేరమే కావచ్చనీ కోర్టు హెచ్చరించింది. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే నిబంధన తెచ్చి, నైపుణ్యపు ఆటల మినహాయింపును నిలిపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో పోకర్ టోర్నమెంట్ రూపు దిద్దుకుంటోంది. 1970లో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కాసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలైంది. తొలి ఏడాది విజేత జానీ మాస్‌ను ఆటగాళ్లే ఓటు వేసి ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది నుంచి చిప్స్ అయిపోయినవాడు లేచిపోయే పద్ధతి వచ్చింది. కానీ 1977 దాకా ప్రధాన పోటీలో డబ్బంతా విజేతకే. రెండో స్థానానికీ ఆఖరి స్థానానికీ తేడా లేనప్పుడు నడిమివాడికి కాచుకుని కూర్చునే అవసరమేముంది? ఎంత ఎక్కువ చిప్స్ కూడబెడితే అంత మంచిది, అంతే. 1978లో బహుమతిని మొదటి అయిదు స్థానాలకు పంచారు. ఆ ఏడాది బాబీ బాల్డ్విన్ గెలిచిన 2,10,000 డాలర్లు మొత్తంలో సగం మాత్రమే. నడిమి ఆటగాడి సమస్య పుట్టింది అక్కడే. తనకంటే ముందు ఇంకొకడు ఓడిపోతే, తను ఒక్క ముక్క ఆడకపోయినా డబ్బు పెరుగుతుంది.

ఆ పెరుగుదలను కొలిచే సూత్రం గుర్రప్పందేల నుంచి వచ్చింది. పందెంలో రెండో, మూడో స్థానాల అవకాశాలను లెక్కగట్టే పద్ధతిని 1973లో డేవిడ్ హార్విల్ ప్రచురించాడు. 1987లో మేసన్ మాల్మత్ అదే ఆలోచనను పోకర్ చిప్స్‌కు అన్వయించాడు. ఇప్పుడు ఆటగాళ్లు ఐసీఎం అని పిలిచే లెక్క అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ముగ్గురు మిగిలారు. చిప్స్ 5,000, 3,000, 2,000. బహుమతులు 50,000, 30,000, 20,000 రూపాయలు. ఐసీఎం ప్రకారం వాళ్ల చిప్స్ విలువ వరసగా సుమారు 38,400, 32,750, 28,850 రూపాయలు. నడిమివాడు 5,000 చిప్స్ ఉన్న పెద్ద స్టాక్‌తో ఆల్ ఇన్ (ఉన్నవన్నీ ఒడ్డి) ఆడి గెలిస్తే అతని వాటా 41,000కు పెరుగుతుంది. ఓడితే 20,000తో ఇంటికి. అంటే గెలిచే అవకాశం కనీసం 61 శాతం ఉంటేనే ఆ ఆట గిట్టుబాటు. అదే 2,000 ఉన్నవాడితో తలపడితే 53 శాతం చాలు, ఎందుకంటే ఓడినా ఇంకా వెయ్యి చిప్స్ మిగులుతాయి. చేతిలో ముక్కలు అవే, చిప్స్ అవే. ఎదురుగా ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి నిర్ణయం మారిపోతుంది. పెద్ద స్టాక్‌కు దూరంగా ఉండు, చిన్న స్టాక్ మీద ఒత్తిడి పెట్టు అన్న అనుభవజ్ఞుల సలహాకు ఇదే ఆధారం.

2000 తర్వాత ఈ జ్ఞానం వేగంగా పాకింది. పందెం వేయడానికి సరిపోయే చేయి, ఇంకొకరు వేసిన పందేన్ని ఎదుర్కోవడానికి సరిపోకపోవచ్చని డేవిడ్ స్క్లాన్‌స్కీ 2002 నాటి పుస్తకంలో వివరించాడు. నడిమివాడికి ఇది ఆయువుపట్టు: తను ముందు పందెం వేస్తే ఎదుటివాడు వదిలేయొచ్చు, ఇంకొకరి పందేనికి కాల్ చెబితే గెలవడానికి ముక్కలు తప్ప ఇంకో దారి లేదు. 2003లో ఇంటర్నెట్ పోటీ ద్వారా వచ్చిన క్రిస్ మనీమేకర్ 838 మందిని దాటి ప్రపంచ విజేత కావడంతో కొత్త ఆటగాళ్లు వెల్లువలా వచ్చారు. 1995 విజేత డాన్ హారింగ్టన్ 2003 తర్వాత రాసిన పుస్తకాలు వాళ్లకు పాఠ్యగ్రంథాలయ్యాయి. ప్రతి చేతిలో తప్పక వేయాల్సిన పందేలు, అంటే బ్లైండ్లు, యాంటీలు, కలిపితే వచ్చే మొత్తానికి చేతిలోని చిప్స్ ఎన్ని రెట్లున్నాయో చూడమన్నాడు హారింగ్టన్. 20 రెట్లు దాటితే స్వేచ్ఛగా ఆడొచ్చు, 10 నుంచి 20 మధ్య జాగ్రత్తను మించి చొరవ కావాలి, అంతకంటే దిగితే ముందుగా దూకేవాడే బతుకుతాడు. కాబట్టి నడిమివాడికి ఓపిక ఒక్కటే మందు కాదు. బ్లైండ్లు పెరుగుతున్నకొద్దీ ఊరికే కూర్చున్నవాడి చిప్స్ కరిగిపోతాయి. 2015 తర్వాత విస్తరించిన సాల్వర్ సాఫ్ట్‌వేర్ ఈ నియమాలను ప్రతి చేతికీ విడివిడిగా లెక్కగట్టి చూపిస్తోంది.

ఇంత లెక్క ఉన్న ఆటను అదృష్టపు ఆట అనవచ్చా? మన న్యాయస్థానాలే ఒక్క మాట మీద లేవు. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను అదృష్టపు ఆట అంది; 2024లో అలహాబాద్ హైకోర్టు పోకర్, రమ్మీ ఆటలకు అనుమతిని కేవలం ఊహ మీద నిరాకరించరాదంది. ఈలోగా ప్రభుత్వాలు వేరే దారి పట్టాయి. ఆన్‌లైన్ రమ్మీ ఫోన్లలోకి వచ్చాక 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా అదే పని చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా ఆ చట్టంలో లేదు.

నైపుణ్యం ఉందన్న 1967 తీర్పు సరైనదేనని నా నమ్మకం. అయినా నిషేధం ఎందుకు వచ్చిందో ఈ చరిత్రలోనే తెలుస్తుంది. నడిమి ఆటగాడి తెలివంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: చేతిలో ఉన్నది అయిపోతే ఆట అయిపోవాలి. టోర్నమెంట్‌లో నష్టం ప్రవేశ రుసుము దగ్గర ఆగుతుంది. పూల్ ఆటలో 201 దగ్గర ఆగుతుంది. ఆ హద్దు ఉంది కాబట్టే వదిలేయడానికి విలువ. పోయిన ప్రతిసారీ ఫోన్‌లో ఇంకో వెయ్యి వేసుకోగలిగినప్పుడు, అప్పు తెచ్చి మళ్లీ కూర్చోగలిగినప్పుడు, ఎంత నేర్పరికైనా డ్రాప్ చెప్పే కారణం కనిపించదు. వాన మీద ఆధారపడిన పశ్చిమ ప్రకాశం మెట్ట ఊళ్లలో ఆ అప్పు తీర్చాల్సింది ఇంట్లోవాళ్లు. నైపుణ్యపు ఆటకు రేపు చట్టం మళ్లీ తలుపు తీస్తే, ముందుగా అడగాల్సింది ఆటలో తెలివి ఎంత ఉందని కాదు, నష్టానికి హద్దు ఎక్కడ ఉందని. హద్దు లేని బల్ల దగ్గర ఏ లెక్కా ఎవరినీ కాపాడలేదు.