గేటు లోపలి విశ్వకర్మ, గేటు బయటి మాత: ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మతాచరణకు దొరికిన చోటు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏటా సెప్టెంబరు 17న, కొన్నేళ్లలో 18న, విశ్వకర్మ పూజ జరుగుతుంది. మామూలు రోజుల్లో పాసు లేనిదే గేటు దాటనివ్వని ఆ కర్మాగారంలోకి ఆ రోజు కార్మికుల ఇంటిల్లిపాదీ వస్తారు. ఇక్కడి తెలుగువారిలో చాలామందికి మూలం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలు. వాల్తేరు నుంచి కటక్ దాకా తూర్పు కోస్తా మార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి రావడంతో ఆ ఊళ్లకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య ఒకే కంపెనీ పట్టాలు పడ్డాయి.

సొంత జిల్లాల్లో పనిముట్లకు పూజ దసరాకు. ఇక్కడ అది కన్యా సంక్రమణానికి మారింది. బెంగాల్ గాలి సోకిందని చెప్పి ఊరుకోవచ్చు కానీ, యాజమాన్యం వైపు నుంచీ చూడాలి. దసరా తిథిని బట్టి సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి దాకా ఎప్పుడైనా రావచ్చు. విశ్వకర్మ పూజ సౌరమానంలోది, దాదాపు కదలదు. నెలవారీ అవుట్‌టర్న్ (ఉత్పత్తి) లెక్కలు చూసుకునే ఇంజనీరుకు ముందే తేదీ తెలిసిన పండుగతో పేచీ ఉండదు. పైగా పూజ అందుకునేది లేతు, క్రేను. అందుకే అది మతం పద్దులో కాక పని పద్దులో చేరింది. ఆ లేతు మీద పనిచేసే ముస్లింకో క్రైస్తవుడికో అది ఏ పద్దులోదో ఎవరూ అడిగినట్టు లేదు.

కాలనీల్లో తెలుగువారు వేసవి మొదట్లో చేసే మాతాపూజకు ఈ వెసులుబాటు లేదు. అది గేటు బయటి పండుగ; సెలవు పెట్టుకోవాలి, లేదా డ్యూటీ మార్చుకోవాలి. అసలు సర్దుబాటు జరిగేది ఈ రెండో దారిలోనే. బెంగాలీ సహోద్యోగి దుర్గాష్టమి నాటి షిఫ్టును తెలుగువాడు చేస్తాడు, ఆ బెంగాలీ మాతాపూజ నాడు ఆ బాకీ తీరుస్తాడు. రంజాన్, క్రిస్మస్ కూడా ఇలాగే గడుస్తాయి. అంటే పలు మతాలు, పలు భాషలు కలిసిన గ్యాంగులోనే ఇది సాధ్యం. అందరికీ ఒకే రోజు సెలవు కావాల్సిన గ్యాంగులో బదులు నిలిచేదెవరు? కార్మికుల వైవిధ్యాన్ని ఇబ్బందిగా చూసే నిర్వహణ శాస్త్రం ఈ సంగతి పట్టించుకోదు. ఇక్కడి 1927 రైల్వే సమ్మె కాలంలో వి.వి. గిరి వంటి నాయకులు నడిపిన యూనియన్ కూడా ఈ కలగలుపు జనం మీదే నిలబడింది.

అయితే డ్యూటీ మార్పిడి హక్కు కాదు, మంచితనం. రాజ్యాంగం 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తుంది గానీ, పని వేళలను ఎలా సర్దాలో చెప్పదు. అమెరికాలో ఆదివారం పని చేయనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో (గ్రాఫ్ వర్సెస్ డెజాయ్, 2023) అక్కడి సుప్రీంకోర్టు, సర్దుబాటు నిరాకరించాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యజమానే చూపాలని తేల్చింది. ఆ కేసులోనూ చిక్కు అతని ఆదివారాలు ఎవరు మోయాలన్నదే. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందే ఇంటికి వెళ్లేందుకు ఉత్తర్వులిస్తున్నాయి. ఆఫీసుకు అది సరిపోతుంది. బండి నడుపుతున్న లోకోపైలట్ ఇఫ్తార్ వేళకు ఇంజను దిగలేడు. అతని విషయంలో రోస్టరు వేసేటప్పుడే ఆలోచించాలి.

అన్నిటికన్నా కష్టమైనది అయ్యప్ప దీక్ష. నల్లబట్టల సంగతి ఎలాగో సర్దుకోవచ్చు, చెప్పుల్లేని కాళ్లే సమస్య. కాలిన ఇనుము పడే చోట సేఫ్టీ బూట్లు తీయమనడం ఏ భక్తికీ తగదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ మినహాయింపు ఇచ్చింది నిజమే. కానీ అక్కడ ప్రమాదం ప్రధానంగా ధరించినవాడిది. ఇక్కడ ఒకడు జారిపడితే క్రేను కింద ఉన్న నలుగురికీ ముప్పు. కాబట్టి మినహాయింపు కన్నా మార్పు మేలు: దీక్ష సాగే 41 రోజులూ దీక్షాపరుణ్ణి కార్ఖానా నేల మీద నుంచి కాగితాల పనికి మార్చవచ్చు, జీతం తగ్గించకుండా, సీనియారిటీ కదలకుండా. సెక్షన్ ఇంజనీరు మనసును బట్టి కాక రాతపూర్వకమైన నిబంధనగా ఉంటేనే, నమాజుకు పావుగంట అడిగే ఫిట్టరు కూడా అదే కాగితం చూపించగలడు.