పందెపు కారులో మాట

రేడియో గల ప్రతి ఇంటివారికిని తెలిసిన సంగతి ఇది. మధ్యతరంగములపై సంగీత కచేరి సాగుచుండగా వీధిలో ఒక మోటారు పోయినచో పెట్టెలో గరగరమను చప్పుడు పుట్టును. బండి దాటిపోగానే ఆ చప్పుడు అణగిపోవును. ఇంజనులోని స్పార్క్ ప్లగ్గు పుట్టించెడి నిప్పురవ్వ తానే ఒక చిన్న ప్రసారయంత్రమగుటయే దీనికి కారణము. వీధిన పోయెడి బండియే మన పాటను ఇంతగా చెరుపగలిగినప్పుడు, ఆ బండిలోనే కూర్చుండి, గంటకు రెండువందల కిలోమీటర్ల వేగముతో పోవుచున్న మనిషికి ఒక మాట వినిపించుట ఎట్లు? పందెపు కార్లకు రేడియోను, ఇంటర్‌కమును ఎన్నుకొనిన చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది. ఆ చరిత్రను పరిశీలించిన కొలది మాకు ఒక విషయము స్పష్టమగుచున్నది. ముందుగా ఎంచవలసినది పెట్టె శక్తిని కాదు. వినెడివాని మనస్సు ఆ క్షణమున ఎంత మాటను మోయగలదో దానిని.

ఈ రెండు పరికరముల భేదమును మొదట గుర్తింతము. ఒకే కారులో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరి నడుమ తీగ ద్వారా మాట నడిపెడిది ఇంటర్‌కము. కారునకును, దారి ప్రక్కన దానిని సవరించుటకై సిబ్బంది కాచుకొనియుండెడి ‘పిట్’ అను స్థలమునకును నడుమ తీగ లేకుండ మాట నడిపెడిది రేడియో. రెంటికిని శత్రువు ఒక్కటియే: చప్పుడు.

తొలినాళ్లలో ఈ రెండింటి పనిని ఒక మనిషియే చేసెడివాడు. నడుపువాని ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండెడివాడు. చమురు పంపును కొట్టుట, టైర్లను కనిపెట్టుట, వెనుకనుండి మరియొక కారు వచ్చుచున్నచో భుజము తట్టి తెలుపుట అతని పనులు. 1911లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన మొదటి 500 మైళ్ల పందెమున రే హారూన్ అను నతడు మెకానిక్కు లేకుండ ఒంటరిగా దిగెను. వెనుక వచ్చువారి సంగతి ఇతనికి ఎవరు చెప్పుదురని తోటివారు ఆక్షేపింపగా, తన కారునకు ఒక అద్దమును బిగించుకొనెను. పందెమును అతడే గెలిచెను. కాని ఇటుకలు పరచిన ఆ దారిపై అద్దము అదరుచు, అందులో సరిగా ఏమియు కనబడలేదని అతడే తరువాత చెప్పెను. పరికరము ఉండుట వేరు, అది అక్కరకు వచ్చుట వేరు అనుటకు ఇది మంచి నిదర్శనము. 1925 నుండి గ్రాండ్ ప్రీ పందెములలో మెకానిక్కును వెంట తీసికొనిపోవుట మానిరి. నడుపువాడు ఒంటరివాడయ్యెను.

ఆ ఒంటరితనమునకు జర్మనీ దేశపు మెర్సిడెస్ జట్టు నాయకుడు ఆల్ఫ్రెడ్ నాయిబావర్ ఒక ఉపాయము కనుగొనెనని ప్రతీతి. జెండాలతోను, అంకెలు వ్రాసిన పలకలతోను దారి ప్రక్క నిలిచి, పోయెడి కారునకు సంకేతము చూపుటయే ఆ ఉపాయము. నేటికిని ఈ పలకలు పందెములలో కనబడుచునే యున్నవి. వీనికి బ్యాటరీ అక్కరలేదు, గరగర లేదు. కాని రెండు లోపములున్నవి. నడుపువాడు చూడగలడే కాని బదులు చెప్పలేడు. పైగా చుట్టునకు ఒక్కసారి మాత్రమే వార్త అందును. ఫ్రాన్సులోని లె మాన్ పందెమువంటి పొడవైన దారిలో కార్లు నెమ్మదించెడి ముల్సాన్ మలుపు కడ సంకేతములు చూపెడి స్థలమును ఏర్పరచి, పిట్‌నుండి అక్కడికి టెలిఫోనులో వార్త పంపెడివారు. ఆ మలుపు దాటిన వెంటనే ఏదైన జరిగినచో, కారు మరల అక్కడికి వచ్చువరకు ఆ పలక ఏమియు చెప్పజాలదు.

రేడియో ఈ లోపమును తీర్చునని ఆశపడుట సహజమే. కాని వాల్వుల కాలములో అది సులభము కాలేదు. గాజు వాల్వులు అదరుపాటునకు ఓర్వవు. వానికి కావలసిన అధిక వోల్టేజిని కారు బ్యాటరీనుండి రాబట్టుటకు వేరొక బరువైన పరికరము కావలెను. పందెపు కారునకు ప్రతి కిలో బరువును భారమే. అన్నిటికంటె పెద్ద చిక్కు నిప్పురవ్వల గరగర. నాటి సామాన్య ప్రసార పద్ధతిలో మాట యంతయు తరంగపు ఎత్తుపల్లములలో ఇమిడియుండును. నిప్పురవ్వ చెరిపెడిదియు ఆ ఎత్తుపల్లములనే. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930 దశకములో వెలుగులోనికి తెచ్చిన ఎఫ్.ఎం. పద్ధతిలో తరంగపు ఎత్తు మారదు. దాని పౌనఃపున్యము మాత్రము మాటను బట్టి మారుచుండును. కావున ఎత్తులో కలిగిన చెరుపును గ్రాహకయంత్రము కత్తిరించి పారవేయగలదు. 1940లో కనెక్టికట్ రాష్ట్రపు పోలీసులు తమ కార్లలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధములో సైనికుల వీపుపై మోసెడి రేడియోలలోను ఇదే పద్ధతి నడచెను. యుద్ధానంతరము పందెగాండ్ర చేతికి అందిన రేడియో ఈ అనుభవము పొందిన రేడియో.

1952 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటోనా తీరమున, సగము ఇసుకపైనను సగము రాజమార్గముపైనను సాగెడి పందెములో, ఆల్ స్టీవెన్స్ అను నతడు తన కారునకును పిట్‌కును నడుమ ఇరువైపుల మాటాడెడి రేడియోను నడిపెను. రేడియో ద్వారా వార్తలందించు సంస్థను నడుపుట అతని వృత్తి. మాట వినబడెను, బదులు అందెను. కాని అతడు 27వ స్థానముననే ముగించెను. రేడియో కారును వేగవంతము చేయదు. చెప్పదగిన మాట ఉన్నప్పుడే దాని ప్రయోజనము.

ఇక ఈ చరిత్రలో ముఖ్యఘట్టమునకు వత్తము. 1955 మే 1వ తేదీన ఇటలీలో మిల్లే మిలియా, అనగా వేయి మైళ్ల పందెము, జరిగెను. బ్రెషా పట్టణమున బయలుదేరి రోమునకు పోయి, కొండల మీదుగా మరల బ్రెషా చేరవలెను. మామూలు రోడ్లపై సాగెడి ఆ దారిలోని వేలకొలది మలుపులను ఎవరును పూర్తిగా కంఠస్థము చేయజాలరు. ఆంగ్లేయుడైన స్టర్లింగ్ మాస్ మెర్సిడెస్ కారును నడుపవలసియుండెను. అతని ప్రక్కన కూర్చున్నవాడు డెనిస్ జెన్కిన్‌సన్. ఇతడు పత్రికా రచయిత. 1949లో ప్రక్కబండి మోటారుసైకిలు పందెములలో ఎరిక్ ఆలివర్ వెంట కూర్చుండి ప్రపంచ విజేత యైనవాడు. వీరిద్దరు దారిని పలుమార్లు తిరిగి, ప్రమాదకరమైన మలుపులను, ఎత్తులను వ్రాసికొనిరి. ఆ వ్రాత సుమారు 18 అడుగుల పొడవుగల కాగితపు చుట్ట అయ్యెను. దానిని పారదర్శకమైన మూతగల ఒక చిన్న పెట్టెలో అమర్చి, ఇరుసును త్రిప్పుచు చదువునట్లు ఏర్పాటు చేసిరి.

చదివినదానిని చెప్పుట ఎట్లు? మూత లేని ఆ కారులో ఇంజను హోరు, గాలి హోరు కలిసి మామూలు మాటను మ్రింగివేయును. ఇంటర్‌కము అప్పటికే విమానములలోను, యుద్ధట్యాంకులలోను వాడుకలోనున్న వస్తువు. మెర్సిడెస్‌వంటి సంస్థకు దానిని సమకూర్చుట పెద్ద పని కాదు. వారు దానిని ప్రయత్నించి చూచిరి కూడ. మాట చక్కగా వినబడెను. తీరికగా పోవునప్పుడు సంభాషణ సాగెను. కాని మాస్ తన శక్తి యంతయు కూడగట్టి కారును అంచులమీద నడుపునప్పుడు, చెవిలో పడిన మాట మనస్సునకు ఎక్కలేదు. యంత్రములో లోపము లేదు, చెవిలో లోపము లేదు. ఏకాగ్రతలో మునిగిన మనస్సు తలుపు వేసికొనెను, అంతియే.

ఇదియే మేము ప్రధానముగా చెప్పదలచిన విషయము. మరింత గట్టిగా పలికెడి పరికరమును తెచ్చుకొనుట వారికి సాధ్యమే. వారు అట్లు చేయలేదు. ఇంటర్‌కమును విడిచి, పదిహేను దాక చేతి సంజ్ఞలను కుదుర్చుకొనిరి. ఈ మలుపునకు ఎంత నెమ్మదింపవలెనో, ఈ ఎత్తు మీద నిర్భయముగా పోవచ్చునో లేదో, జెన్కిన్‌సన్ చేయి చెప్పెడిది. దారిమీదినుండి చూపు త్రిప్పకుండనే మాస్ కంటికొసతో దానిని గ్రహించెడివాడు. ఎత్తునకు అవతల దారి ఎటు తిరుగునో కనబడకున్నను, ఆ చేతిని నమ్మి పూర్తి వేగముతో దాటెడివాడు. ఉదయము 7 గంటల 22 నిమిషములకు బయలుదేరిన వీరి కారునకు ఆ కాలమే సంఖ్యగా 722 అని వ్రాయబడియుండెను. 10 గంటల 7 నిమిషముల 48 సెకండ్లలో వారు బ్రెషా చేరిరి. సగటు వేగము గంటకు సుమారు 157 కిలోమీటర్లు. 1957తో ఆ పందెము ఈ రూపమున అంతరించిపోవువరకు ఆ వేగమును ఎవరును మించలేదు. అదే సంస్థ కారులో ఒంటరిగా నడిపిన మహావీరుడు ఫాంజియో రెండవవాడై అరగంటకు పైగా వెనుకబడెను.

ఆరు వారములు గడువక ముందే, 1955 జూన్ 11న, లె మాన్‌లో ఘోర ప్రమాదము జరిగెను. ముందు కారును తాకి పైకెగసిన పియెర్ లవే కారు జనములో పడగా, అతడును 80 మందికి పైగా ప్రేక్షకులును మరణించిరి. వెనుకనే వచ్చుచున్న ఫాంజియో బ్రతికి బయటపడి, చివరి క్షణమున లవే చేయి ఎత్తి తన్ను హెచ్చరించెనని చెప్పెను. గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగమున ఒక మనిషి మరియొక మనిషికి చెప్పగలిగినది ఆ చేయి ఎత్తుట మాత్రమే. పందెపు కారులో మాట యనునది గెలుపునకు మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించినదని ఇంతకంటె చెప్పవలసినది లేదు.

అయినచో చేతిసంజ్ఞలే ఏల నిలువలేదు? ర్యాలీ పందెములు రాత్రివేళలందు, అడవిదారులందు సాగును. చీకటిలో చేయి కనబడదు. కావున మాటయే మరల రావలసివచ్చెను. ఈసారి మాటయే మారెను. మలుపు వంపును బట్టి అంకె, కుడియెడమలు, దూరము: ఇంతియే. ఒక మాటకు ఎప్పుడును ఒకే అర్థము. మలుపు రాకముందే సరియైన క్షణమున, ఒకే లయతో పలుకుట. ఇట్లు కుదించిన మాటను నెలల తరబడి సాధన చేసిన మనస్సు ఏకాగ్రతలోను గ్రహింపగలిగెను. ట్రాన్సిస్టరు వచ్చి వాల్వుల బరువును తీసివేసెను. ముఖమును కప్పెడి హెల్మెట్టు గాలిహోరును తగ్గించెను.

నేడు ఒక జట్టు పరికరమును ఎన్నుకొనునప్పుడు విచారింపవలసినవి ఈ చరిత్రనుండియే తేలుచున్నవి. మొదటిది చెవి. శబ్దమును పెంచుటకంటె హోరును ఆపుట మేలు. చెవి కొలతకు పోతపోసిన ఇయర్ ప్లగ్గులలో ధ్వనిని ఉంచినచో తక్కువ శబ్దముతోనే మాట స్పష్టమగును, వినికిడియు చెడదు. రెండవది మైక్రోఫోను. పెదవులకు ఆనునంత దగ్గరగా నుండి, ఇరువైపులనుండి సమానముగా వచ్చెడి హోరును రద్దు చేయునది కావలెను. మూడవది మాటాడుటకు నొక్కెడి మీట. స్టీరింగును వదలకుండ వ్రేలికి అందవలెను. నాలుగవది ఏరియల్, లోహపు పైకప్పు దానికి పీఠమువలె తోడ్పడును, కార్బన్ నారతో చేసిన దేహము అంతగా తోడ్పడదు. ప్రభుత్వము అనుమతించిన పౌనఃపున్యములోనే మాటాడవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. చివరగా, పరీక్షను దుకాణపు బల్లమీద కాక, ఇంజను పూర్తి వేగమున తిరుగుచుండగా, హెల్మెట్టు ధరించి చేయవలెను. 1955లో ఆ ఇద్దరు చేసినది అదియే.

మాట సులభమైన పిమ్మట మాట ఎక్కువగుట అను క్రొత్త చిక్కు వచ్చెను. 2012లో అబూధాబి పందెమున ముందుండి పోవుచున్న కిమి రైకొనెన్, వెనుకవాని దూరమును తెలుపబోయిన తన ఇంజనీరును తనను వదలిపెట్టుమని కోరెను; పందెమును గెలిచెను. 2016లో నడుపువాడు తన బుద్ధితోనే నడుపవలెనని ఫార్ములా వన్ అధికారులు రేడియో మాటలను కట్టడి చేసిరి. గేరుపెట్టెలోని లోపమును గూర్చి సలహా అందుకొనినందులకు నికో రోస్‌బర్గ్ ఆ యేటి బ్రిటిష్ పందెమున 10 సెకండ్ల శిక్ష పొంది, రెండవ స్థానమునుండి మూడవ స్థానమునకు దిగెను. ఆ జులైలోనే కట్టడిని చాలవరకు సడలించిరి.

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, విద్యుత్తుతో నడచెడి ఫార్ములా-ఇ కార్ల పందెము జరిగెను. ఆ కార్లలో స్పార్క్ ప్లగ్గు లేదు. గరగర పుట్టించెడి నిప్పురవ్వయు లేదు. అయినను మిగిలిన విద్యుత్తును తుదివరకు పొదుపుగా వాడవలసిన ఆ పందెములలో మాటకు విలువ తగ్గలేదు. యంత్రపు చప్పుడు అణగినను మనస్సులోని ఏకాగ్రత ఎప్పటివలెనే తలుపు వేసికొనియుండును. ఆ తలుపును తట్టవలసిన క్షణమును ఎరిగినవాని చేతిలోనే రేడియో సార్థకమగును.