పాలూ, సుద్దపొడీ

పోపులపెట్టెలో వాముకి ఎంత చనువుందో, ఈ రోజుల్లో మనిళ్ళలో పుల్లతేన్పుల బిళ్ళకీ అంత చనువు వచ్చేసింది. భోంచేయగానే వక్కపొడిలా నోట్లో వేసుకుంటున్నాం. డాక్టరు చీటీ కూడా అక్కర్లేదాయె!

ఈ అలవాటుకి ఒక పెద్దదిక్కు ఉన్నాడండీ. చికాగోలో బెర్‌ట్రమ్ సిప్పీ అనే డాక్టరు. కడుపులో పుండుకి 1915లో ఆయనొక వైద్యం ప్రకటించాడు. గంటగంటకీ పాలూ మీగడా తాగించడం, మధ్యమధ్య సోడా ఉప్పు, సుద్ద, మెగ్నీషియా పొడులు మింగించడం. ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తే పుండు మానుతుందని ఆయన లెక్క. నొప్పి తగ్గేది కూడా. పాలూ మీగడా పథ్యమంటే ఎవరు మాత్రం కాదంటారు చెప్పండి! దశాబ్దాలపాటు సాగింది.

అయితే కొందరు రోగులకి పాలంటేనే రోత పుట్టసాగింది. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం. ఇది జబ్బు పని కాదు, మందు పనేనని 1923లో హార్ట్, రివర్స్ అనే డాక్టర్లు రాశారు. 1949లో బర్నెట్ అనే ఆయన, ఏళ్ళ తరబడి ఇలా వాడి మూత్రపిండాలు చెడగొట్టుకున్నవాళ్ళ గురించి రాశాడు. పాలలో కాల్షియం, సుద్దలోనూ కాల్షియమే. పైగా రక్తంలో క్షారం పెరిగితే, ఎక్కువైన కాల్షియాన్ని మూత్రపిండాలు బయటికి పంపలేవు. పంపలేక అవే పాడవుతాయి. పాడైనకొద్దీ ఇంకా పంపలేవు!

1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ అనే కొత్త మందు వచ్చాక పాలూ పొడుల వైద్యం మూలపడింది. ఈలోగా ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఓ సూక్ష్మజీవిని ద్రావకంలో కలుపుకుని తానే తాగేశాడు, కడుపు వాపు తెచ్చుకున్నాడు. చాలా పుండ్లకి మూలం ఆ జీవేనని తేలింది. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. అంటే అన్నేళ్ళూ పొడులు మంట చల్లార్చాయే గాని, అగ్గి పెట్టినదాన్ని ముట్టుకోనే లేదన్నమాట.

పోయిందనుకున్న ఆ పాత జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్ళకి. ఎముకల కోసం కాల్షియం బిళ్ళ, మంటకి ఇంకో బిళ్ళ. చాలాసార్లు రెండింటిలోనూ ఉండేది సుద్దే!

కొత్తరకం ఆమ్లం మాత్రలతోనూ పేచీలున్నాయి. ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు విరిగే ప్రమాదం ఉండొచ్చని 2010లో, రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చని 2011లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. బి12 కూడా తగ్గొచ్చు.

మా వదిన ఐరన్ బిళ్ళా, మంట బిళ్ళా ఒకే గుక్క నీళ్ళతో మింగుతుంది. "కడుపులో ఎలాగూ కలిసేవేగా!" అంటుంది. ఆ కలవడంలోనే ఉంది చిక్కు, ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఆరు నెలలుగా మందు వాడుతున్నా రక్తం పెరగలేదు, మెట్లెక్కితే ఆయాసం. థైరాయిడు బిళ్ళకీ ఇదే బాధ, నాలుగు గంటల ఎడం ఉంచమంటారు. నేను చెబితే నవ్వేసింది. రెండు డబ్బాలూ తెచ్చి కళ్ళజోడు చేతికిచ్చాను. కాల్షియం కార్బొనేట్ అని రెండింటి మీదా కూడబలుక్కుని చదివింది. సోమవారం రెండూ సంచిలో వేసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం.